యూనిట్ టెస్ట్ నాకౌట్ మ్యాచ్ కాదు!



సంక్రాంతికి మన నందిగాం చుట్టుపక్కల ఊళ్లలో జరిగే ఆటల పోటీలు మీరు చూసే ఉంటారు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు తర్వాతి రౌండ్‌కి. దీన్నే నాకౌట్ అంటాం. 16 జట్లుంటే మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? మీ పిల్లల్ని అడగండి. జవాబు 15. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జట్టు తప్పుకుంటే, చివరికి మిగిలేది ఒక్కటే కదా!

మన దేశంలో ఫుట్‌బాల్ నాకౌట్ కప్పులు చాలా పాతవి. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో, రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో మొదలయ్యాయి. మొదట్లో బ్రిటిష్ సైనిక జట్లదే హవా. తర్వాత మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా స్కూల్ టీచర్!

ఆయనే కోచ్‌గా 1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లిన భారత జట్టు, తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. అది నాకౌట్ కాదు, గ్రూప్ మ్యాచ్. అందుకే ఇంకో అవకాశం దక్కింది. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

ఒక టెస్టులో మార్కులు తగ్గగానే "మేడమ్, మా వాడికి గేమ్స్ పీరియడ్ ఆపేయండి" అంటారు కొందరు. దయచేసి ఆపించకండి. ఎక్కడ తప్పిందో వాడితో కూర్చుని చూడండి. తర్వాతి మ్యాచ్ ఇంకా ఉంది.