ఉపాధ్యాయుని తొలియేడు

వైద్యవిద్యార్థి పరీక్షలలో నెంతటి ప్రథముడైనను, హౌస్ సర్జనుగా నొక సంవత్సరము పెద్దల కనుసన్నల మెలగినగాని స్వతంత్రముగా చికిత్స చేయుటకు మన మంగీకరింపము. కొత్త ప్లీడరు సైతము సాధారణముగా సీనియరు వద్ద కొంతకాలము కాగితములు తిరుగవేసిన పిమ్మటనే పెద్ద వ్యాజ్యములు చేపట్టును. దేహమును గూర్చియు ఆస్తిని గూర్చియు మన మింత జాగ్రత్త వహించుచున్నాము. బిడ్డల బుద్ధిని గూర్చి మాత్రము వహించుట లేదు. నిన్న నియామకపత్ర మందుకొన్న యువకుని నేడు కొండక్రింది పల్లెలో నొంటరిగా నిలిపి, ఐదు తరగతుల పిల్లల నతని కప్పగించి వచ్చుచున్నాము.

2025 ఏప్రిల్ నెలలో రాష్ట్రప్రభుత్వము 16,347 ఉపాధ్యాయోద్యోగములకు ప్రకటన గావించెను. ఏండ్ల తరబడి నిరీక్షించిన యువతీయువకులకు ఆ యేడే కొలువులు లభించుట యెల్లరకు సంతోషకరమే. కాని నియామకముతో ప్రభుత్వము బాధ్యత తీరినట్లు భావించుట పొరపాటు. 2024–25 సంవత్సరపు కేంద్రప్రభుత్వపు లెక్కలనుబట్టి దేశమున ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125 కలవు. అందు 12,912 ఆంధ్రప్రదేశముననే యున్నవి. ఇంతటి సంఖ్య మరి యే రాష్ట్రమునను లేదు. కొత్తవాడు తప్పు చేసిన దిద్దువారు గాని, సందేహము కలిగిన తీర్చువారు గాని లేని పాఠశాల లివి.

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమును చూడుడు. వెలిగొండల నానుకొనియున్న ఉదయగిరి, సీతారామపురము, మర్రిపాడు ప్రాంతములు మెట్టభూములు. వాన కురిసిన పంట, లేకున్న వలస. ఆత్మకూరు చెంత సోమశిల జలాశయ మున్నను ఆ నీరందని పల్లె లింకను గలవు. ఇట్టి పల్లెలో తొలిసారి బడి తలుపు తీసిన యుపాధ్యాయుని స్థితి యెట్టిదో పాఠకులు యోచింతురు గాక. ఒకే గదిలో ఒకటవ తరగతి పిల్లవానికి అక్షరము దిద్దించుచు, నాలుగవ తరగతికి భాగహారము చెప్పవలెను. మధ్యాహ్న భోజనము లెక్కలు వ్రాయవలెను; హాజరును ఫోనులో నెక్కింపవలెను. పొగాకు పనుల దినములలో ఏ బిడ్డ యేల రాలేదో ఇల్లిల్లు తిరిగి కనుగొనవలెను. ఇన్నింటిని ఒకచేతితో నడపు విద్య నతనికి నేర్పిన దెవరు?

శిక్షణ బొత్తిగా లేదని మే మనుట లేదు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనలు బి.ఇడి. చదువును రెండేండ్లు చేసి, అందు 20 వారములు పాఠశాలలో గడపవలెనని శాసించినవి. అది మంచి శాసనమే. కాని కళాశాల కనువైన పట్టణపు బడిలో, తరగతి కొక యుపాధ్యాయుడున్న చోట గడపిన వారములు, ఏకోపాధ్యాయ పాఠశాలకు వలసిన నేర్పు నీయజాలవు. జిల్లా విద్యా శిక్షణ సంస్థ తూర్పున, పెన్న యొడ్డున, పల్లిపాడులో నున్నది. అచ్చటి మాగాణి పల్లెకును ఉదయగిరి మెట్టపల్లెకును ఎంత దూరమో మ్యాపును చూచినవారికంటె ఆ దారిన బస్సెక్కినవారికి బాగుగా తెలియును. ఆ పల్లిపాడుననే 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. కలసి నివసించి, పని చేయుచు నేర్చుకొనుట ఆశ్రమధర్మము. శిక్షణసంస్థ పొరుగుననున్న యీ ధర్మము ఉపాధ్యాయశిక్షణలో నేల ప్రవేశింపరాదు?

ఆచార్యుని చెంత నివసించు శిష్యుని మన పూర్వులు అంతేవాసి యనిరి. చెంత నుండుటయే విద్యలో సగమని యా పేరే చెప్పుచున్నది. ఇందులకు ఉపనిషత్తుల వరకు పోనక్కరలేదు. ఉదయగిరిలో అడవికొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కు కుటుంబముల నడుగుడు. ఉలి పట్టు పుస్తకము చూచి యెవరును నేర్వలేదు. పెద్దల ప్రక్క కూర్చుండి, మొదట మొరటుపని చేసి, పిమ్మట నాజూకు పని కెక్కుదురు. చెడిన చెంచాను పెద్దలు దిద్దుదురు. దిద్దుటకు వీలులేకున్న మరియొక కొయ్య దొరకును. చెడిన రెండవ తరగతి మాత్రము ఆ బిడ్డకు మరల దొరకదు.

కావున మా సూచన యిది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములకు నియమింపబడు ప్రతి కొత్త యుపాధ్యాయుడును తొలి సంవత్సరము పూర్తి జీతముతో, ఆ ప్రాంతముననే పేరుపొందిన యొక యనుభవజ్ఞుని చెంత పనిచేయవలెను. మొదటి నెలలలో చూచుటయు, ఒక తరగతి నడపుటయు. దసరా పిమ్మట రెండు మూడు తరగతులు. సంక్రాంతి పిమ్మట బడి యంతయు తానే నడపగా పెద్ద యుపాధ్యాయుడు వెనుక కూర్చుండి చూడవలెను. పెద్దవారికి భత్య మిచ్చి, ఇతర కాగితపుపనులు తగ్గింపవలెను. శిక్షణసంస్థ యధ్యాపకులు నెలకొకమారైన నచ్చటికే వచ్చి పాఠములు చూడవలెను. రెండవ యేట స్వతంత్రముగా బడి చేపట్టిన పిమ్మటను ఆ గురుశిష్యసంబంధము తెగరాదు.

ఇది గాలిమేడ కాదు. అమెరికాలో చికాగో నగరమున 2001లోను, బోస్టనున 2003లోను వైద్యుల పద్ధతి ననుసరించి ఉపాధ్యాయుల కిట్టి సంవత్సర శిక్షణ యారంభమయ్యెను. అంత దూరమేల? మదనపల్లె సమీపమున రిషీవ్యాలీ వారు చిన్న గ్రామపాఠశాలలను స్థాపించి, స్థానిక యువకులకే తర్ఫీదొసగి, అనేక తరగతుల పిల్లలను ఒక గదిలో నేర్పు పద్ధతిని రూపొందించిరి. అది దేశమున పలుచోట్లకు ప్రాకినది.

పునాది యుపాధ్యాయుడే యని గుర్తించుట యీనాటిదియు కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పాఠశాలల లెక్క తీయించగా, రాజధాని యంతట 12,498 బడులు, 1,88,650 విద్యార్థులు తేలిరి. 1826లో ఆయన మద్రాసున ఉపాధ్యాయులను తయారుచేసి, జిల్లాకు రెండును తాలూకా కొకటియు పాఠశాలలు పెట్టవలెనని సూచించెను. మరుసటి యేడే ఆయన మరణించెను. 1836లో ఆ పాఠశాలలు ఎత్తివేయబడెను. పరప్రభుత్వ మారంభించి విడిచిన పనిని స్వతంత్రభారతమైనను పూర్తిచేయవలదా?

ఒక ఉపాధ్యాయునికే గతిలేని చోట ఇద్దరిని పెట్టుట యెట్లని కొంద రాక్షేపింతురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. తొలియేట కొన్ని ఖాళీలు నిండుట యాలస్య మగును, వ్యయమును పెరుగును. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము 60 మందిలోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకైనను ఇద్ద రుపాధ్యాయు లుండవలెనని నిర్ణయించినది. అనగా రెండవ యుపాధ్యాయుడు విలాసము కాడు, హక్కు. మొదటి యేటి కష్టమునకు విసిగి, బదిలీ మార్కులు లెక్కపెట్టుకొనుచు దినములు గడపు ఉపాధ్యాయుని వలన పల్లెకు గలుగు నష్టము నే ఖాతాలో వ్రాయుదురు?

తుదకు మా పాఠకులకు, ముఖ్యముగా ఆ తాలూకాల భూస్వాములకును, పట్టణములలో స్థిరపడిన పెద్దలకును, ఒక మనవి. గ్రామములలో ఉపాధ్యాయులకు బడి చెంతనే నివాస ముండవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పినది. కాని యిల్లు శాసనముతో లేవదు. మీ యూరిలో తాళము వేసియున్న మిద్దెలు లేవా? పట్నము నుండి ప్రతిదినము బస్సులో వచ్చిపోవు యువతికి ఒక గది, మంచినీరు, భయములేని రాత్రి మీరు చూపగలరు. అది దానము కాదు. ఆమె మీ యూర నిలిచిన, మీ పాలేరు బిడ్డయు, మీ బిడ్డయు ఆ బడిలోనే కూర్చుండి చదువ నేర్తురు. ప్రభుత్వము గురువును చూపవలెను. ఊరు గూడు చూపవలెను. ఈ రెండును సమకూరిననాడు ఉదయగిరి బడికి వచ్చిన యువకుడు, వెడలుదిన మెప్పుడని గాక, పని యెట్లు చక్కబడునని యడుగును.