అరువు బూట్లు

మా బ్యాంకులో లెడ్జర్లన్నీ కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి గాని, కలకత్తా వాళ్ల ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడిన మర్నాడు కౌంటర్ల దగ్గర వడ్డీ రేట్ల మాట వినపడదు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ మధ్య మా కుర్ర క్యాషియరు, "మీ తెలుగువాళ్లకి సినిమాలూ క్రికెట్టే గదా సార్, ఫుట్‌బాల్ ఎక్కడిది?" అన్నాడు. జవాబు నోటిదాకా వచ్చింది. దాంతోపాటు నలభై ఏళ్ల నాటి ఒక జత బూట్లు కూడా గుర్తొచ్చి ఊరుకున్నాను.

మాది యానాం. కాకినాడ పక్కనే, గౌతమి గోదావరి ఒడ్డున ఉన్నా పరిపాలన మాత్రం పుదుచ్చేరిది. ఏటా ఆగస్టులో సెలవు పెట్టి వెళతాను. వరద నీటికి ఎదురీదే పులస దొరికే రోజులవి. బెంగాలీల ఇలిషే గోదావరి ఎక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలంటారు గాని, ఇప్పటి ధరకు పుస్తెలు కూడా చాలవేమో!

సాయంత్రం గోదావరి గట్టు మీద సిమెంటు బల్ల దగ్గర చేరతాం. మాకు ఆటలు నేర్పిన డ్రిల్లు మాస్టారు, ఫ్రెంచి పెన్షను వచ్చే ఒక తాతగారు, నా చిన్ననాటి స్నేహితుడు, నేను. స్నేహితుణ్ణి చిన్నప్పటినుంచీ "బావా" అనే పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేదు. మా కబుర్లన్నీ బంతి చుట్టూనే తిరుగుతాయి.

తాతగారికి ఫ్రాన్సు జట్టంటే ప్రాణం. 1998లో ఫైనల్లో బ్రెజిల్‌ను 3-0తో ఓడించినప్పుడు వీధంతా మిఠాయి పంచారు. 2022 ఫైనల్లో ఎంబాపే మూడు గోల్స్ కొట్టినా పెనాల్టీల్లో మెస్సీ జట్టే గెలిచింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదట.

"సరేగాని తాతగారూ, 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆడింది ఫ్రాన్సుతోనే. అప్పటికి యానాం ఇంకా ఫ్రెంచివాళ్లదే. మరి మనం ఎవరివైపు?" అని మాస్టారు కవ్వించారు.

"ఎవరు ఓడినా ఏడవాల్సింది మనమే గదండీ!" అన్నారు తాతగారు.

ఆ ఆటలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే దిగారు. రెండు పెనాల్టీలు చేజార్చుకుని, రామన్ కొట్టిన గోలుతో సమం చేసి, చివర్లో 2-1తో ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాక గాని బూట్లు తప్పనిసరి కాలేదు.

"నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. దాని వెనక ఉన్నది ఎవరు? మన హైదరాబాదు బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం!" అన్నారు మాస్టారు. పంతులన్న మాట దగ్గర ఆయన గొంతు కాస్త పెరుగుతుంది. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. యానాం చట్టప్రకారం ఇండియాలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఇరవై రోజులు తిరక్కుండానే, సెప్టెంబరు 4న, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో రహీం శిష్యులు దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే క్యాన్సరుతో ఉన్న రహీం మరుసటేడు జూన్‌లో కన్నుమూశారు.

"ఆ జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాదు అమ్ముగూడ పిల్లాడు. ఎక్కడ స్థిరపడ్డాడో తెలుసా? మీ కలకత్తా పక్కన ఉత్తరపారాలో! ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ చేశాడు. 2023లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. హైదరాబాదు హబీబు కూడా మీ మైదానం మొనగాడే. 1977లో పీలే జట్టు వస్తే 2-2తో నిలబెట్టిన మోహన్ బగాన్‌లో అతనున్నాడు."

మా క్యాషియరుకు ఇవ్వాల్సిన జవాబు అదే. కాని మాస్టారు అక్కడితో ఆగలేదు. "కుర్రతనంలో బలరాంకు బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు పారేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టేవాడి చేత ఒక జత చేయించుకున్నాడు" అన్నారు.

నేను తల దించుకున్నాను. బావ గోదావరి వైపు చూస్తున్నాడు.

1984లో మా బడి జట్టు పాండిచ్చేరి పోటీలకు వెళ్లింది. స్టడ్స్ ఉన్న బూట్లు మా అందరిలో బావకే ఉండేవి. ఓడలో పనిచేసే వాళ్ల పెదనాన్న తెచ్చారు. ప్రయాణానికి వారం ముందు బావకు మడమ బెణికింది. బూట్లు నా చేతిలో పెట్టి, "గెలిచి రారా" అన్నాడు. మొదటి ఆటలోనే కుడి బూటు అడుగు ఊడిపోయింది. నేను జారి పడ్డాను, అవతలివాళ్లు గోలు కొట్టారు, మేం ఓడాం. మొహం చెల్లక బూట్లు వాళ్లమ్మగారికిచ్చి వచ్చేశాను. తరవాత కాకినాడలో బి.కాం., బ్యాంకు ఉద్యోగం, కలకత్తా. ఎన్నో మొండి బాకీలు వసూలు చేశాను గాని, నా బాకీ మాట ఎత్తే ధైర్యం రాలేదు.

ఆ సాయంత్రం ఎత్తాను. "బావా, ఆ బూట్లు పాడుచేసింది నేనే. ఒక్కమాటైనా చెప్పలేదు" అన్నాను.

బావ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అది నువ్వు వెళ్లకముందే ఊడిందిరా. నాన్న తిడతాడని సైకిలు సొల్యూషనుతో అతికించి నీకిచ్చాను. నావల్లే ఓడారని ఇన్నేళ్లూ నేనే నీ మొహం చూడలేకపోయాను" అన్నాడు.

ఏటా ఒకే బల్ల మీద కూర్చుని, ఎదుటివాడికి తానే బాకీ అనుకుంటూ ఇద్దరమూ నలభై ఏళ్లు గడిపాం! తాతగారు పకపకా నవ్వారు. మాస్టారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు బావా నేనూ కాకినాడ వెళ్లి ఒక జత బూట్లు కొన్నాం. ధర చూసి నా కళ్లు తిరిగాయి. సగం నేను, సగం బావ. అవి బావ మనవరాలికి. ఆ పిల్ల వట్టి కాళ్లతోనే మగపిల్లల్ని దాటించి బంతి తీసుకుపోతుంది. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్బు దాకా వెళ్లిందని చెబితే, "ఆ అక్క బూట్లు ఎవరు కొన్నారు తాతా?" అని అడిగింది. నిజమే, ప్రతి ఆటగాడి వెనకా బూట్లు సమకూర్చిన ఎవరో ఒకరు ఉంటారు.

మన పిల్లలు పరాయి ఊళ్లలో పెరుగుతున్నారు. "మీవాళ్లు ఆడతారా?" అని ఎవరైనా అడిగితే రహీం, బలరాం, హబీబుల పేర్లు చెప్పేలా చూడండి. అలాగే, మీకూ ఎవరితోనైనా పాత బాకీ ఉంటే, ఈసారి ఊరు వెళ్లినప్పుడు మాట కదపండి. వాళ్లూ అదే అనుకుంటున్నారేమో!