పాత తుపాకీ బేరమా? ముందు గొట్టంలోకి చూడండి

వేరుశనగలో ఊడలు దిగి కాయ కట్టే వేళకు, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు మందలుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో అరెకరం నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోతాయి. మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టీ కొట్టీ విసిగిపోయిన రైతు చెవిన ఓ రోజు ఒక మాట పడుతుంది. "ఫలానా వాళ్లింట్లో తాతల నాటి డబుల్ బ్యారెల్ ఉందట, చవగ్గా ఇస్తారట." అడ్వాన్సు జేబులో పెట్టుకుని బయల్దేరబోతున్నారా? కాస్త ఆగండి. ఎద్దును కొనేముందు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. తుపాకీ అంతకంటే ప్రమాదమైన సరుకు. తేడా వస్తే పోయేది డబ్బొక్కటే కాదు, చెయ్యో కన్నో కూడా.

ముందు కాగితం, తర్వాతే తుపాకీ

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపుదలకు మందు కూరే తుపాకీ లైసెన్సు అడిగే దారి ఉంది. మన పల్లెల్లో భర్మారు అంటామే, అదన్నమాట. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. దరఖాస్తు కలెక్టరుకు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరుకు పెట్టుకోవాలి. పోలీసు విచారణ అయ్యాకే ఏదైనా. లైసెన్సు చేతికి రాకుండా "ముందు తెచ్చి అటక మీద పెట్టుకుందాం" అనుకున్నారో, పందుల సంగతి అటుంచి మీరే జైలుకు పోతారు.

అమ్మేవాడి దగ్గరా లైసెన్సు ఉండాలి. వ్యక్తి నుంచి వ్యక్తి కొనేటప్పుడు, ఫలానా వారికి అమ్మబోతున్నానని అతను జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి ఠాణాకో రాసివ్వాలి. అలా రాసిచ్చి 45 రోజులు గడిచాకే తుపాకీ చేతులు మారాలి. లైసెన్సుదారు చనిపోయి ఉంటే ఆ తుపాకీ ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ అయి ఉండాలి. "మా నాయన పోయి పదేళ్లయింది, గాదె వెనకాల పడుంది, తీసుకెళ్లు" అంటే మాత్రం దాన్ని ముట్టుకోకండి.

తుపాకీ మీద నంబరు ఉంటుంది. అది లైసెన్సులోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. జోడు గొట్టాల తుపాకీలో గొట్టం, మధ్య ఇనుప దిమ్మ, ముందు చెక్క విడివడతాయి. మూడింటి మీదా ఒకే నంబరు ఉంటే అది మొదటి నుంచీ ఒకే తుపాకీ. ఆకురాయితో నంబరు అరగదీసి ఉన్నా, గొట్టం కోసి పొట్టి చేసి ఉన్నా బేరం అక్కడితో సరి. ఆ రెండూ చట్టం ఒప్పుకోని పనులే.

లోపల ఏముందో తెలియాలి

మొదట తెరిచి, తూటాలు లేవని మీ కళ్లతో చూడండి. అమ్మేవాడి మాట మీద నమ్మకం వద్దు. గొట్టాలు విప్పి, శుభ్రంగా తుడిచి, ఆకాశం వైపు పెట్టి ఒక కొస నుంచి చూడండి. అద్దంలా మెరవాలి. లోపల మశూచి మచ్చల్లా గుంటలుంటే తుప్పు తిన్నదని గుర్తు. చిన్నవి మూతి దగ్గరుంటే ఓర్చుకోవచ్చు, తూటా కూర్చునే గది దగ్గర ఉంటే వదిలేయండి. పేలుడు ఒత్తిడి అంతా అక్కడే.

గొట్టంలో నల్లటి ఉంగరం లాంటి నీడ కనపడితే బయట ఆ చోట వేలితో నిమరండి. ఉబ్బు తగులుతుంది. మూతిలో మట్టి పడ్డా, కందిరీగ గూడు పెట్టినా చూసుకోకుండా పేల్చితే అలా ఉబ్బుతుంది. ఉబ్బిన గొట్టాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి, మరోసారి అదే చోట చీలుతుంది.

పాతవాళ్లు చేసే పరీక్ష ఇంకోటి ఉంది. విడదీసిన గొట్టాల జతను కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి గోటితో మీటుతారు. గుడి గంటలా ఖంగుమంటే అతుకు గట్టిది. చిల్లు కుండలా మోగితే రెండు గొట్టాలను కలిపే పట్టీ ఊడుతోందన్నమాట.

ఇక బిగువు. ముందు చెక్క తీసేసి, తుపాకీ మూసి, మడమ పట్టుకుని కొద్దిగా ఊపండి. గడగడలాడకూడదు. దీపానికి ఎదురుగా పెడితే గొట్టానికీ దిమ్మకూ మధ్య వెలుతురు కనపడకూడదు. పైన తెరిచే మీట మూసినప్పుడు నడిమికి కాస్త కుడివైపు ఆగితే అరుగుదల తక్కువ. ఎడమకు దాటిపోయిందంటే చాలా చాకిరీ చేసిందని అర్థం. సేఫ్టీ వేసి ట్రిగ్గరు నొక్కితే కదలకూడదు. పేలిన ఖాళీ తూటాలు పెట్టి సుత్తులు ఎక్కించి గట్టిగా మూయండి. వాటంతట అవి పడ్డాయంటే ఆ తుపాకీ మీ ఇంట్లోనే ఎవరి మీదికో పేలుతుంది.

గొట్టం మీద వంకీలు వంకీలుగా, జరీ నేసినట్టు గీతలుంటే మురిసిపోకండి. అది డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు తీగలు మెలితిప్పి కాచి అతికిన పాత పని. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాత మందుకు చేసింది. ఇప్పటి తూటాలకు తట్టుకోదు. చూపుకే గానీ చేలోకి పనికిరాదు. బర్మింగ్‌హామ్, లండన్ పరీక్షా కేంద్రాల ముద్రలుంటే, వాటిలో నైట్రో ప్రూఫ్ అన్నది ఉందో లేదో మందుగుండు డీలరుచేత చదివించుకోండి. తూటా గది పొడుగు కూడా కొలిపించండి. పాత విలాయతీ తుపాకుల్లో రెండున్నర అంగుళాల గది ఉంటుంది. ఇప్పటి రెండుముప్పావు అంగుళాల తూటా అందులో దూరుతుంది కానీ, పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కదా అని సరిపోయిందనుకోవద్దు.

భర్మారు అయితే

మందు కూరే తుపాకీకి ఒక్కటే పెద్ద గండం. ఎప్పుడో కూరి మరిచిన మందు ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది. మూతికి మొహం పెట్టకుండా, పక్కన నిలబడి, దట్టించే కడ్డీ లోపలికి మెల్లగా దించండి. మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టి, కడ్డీ బయటికి తీసి గొట్టం పక్కన ఆనించండి. కొస అడుగుకు మూడు నాలుగు అంగుళాల ఇవతలే ఆగితే లోపల సరుకుంది. గెలకొద్దు, లైసెన్సున్న మరమ్మతుదారుకు అప్పగించండి. తూటా విప్పి అందులోని మందు దీనిలో పోయడం కొందరికి అలవాటు. గొట్టం పగలడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' చూసిన వాళ్లకు కౌబాయిల తుపాకులంటే మోజు ఇంకా పోలేదు. కింద మీట గుంజి పేల్చే వించెస్టర్లు అమెరికావాళ్లవి. పైగా అవి మెలి గాడి ఉన్న రైఫిళ్లు, పంట కాపుదల లైసెన్సు కిందకు రావు. రైఫిల్ గుండు పందిని తప్పితే చేను దాటి, ఊరు దాటి పోతుంది. మనకు వద్దు.

లైసెన్సు ఉంది కదా అని కాల్చొద్దు

తుపాకీ లైసెన్సు వేరు, పందిని చంపే అనుమతి వేరు. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు హాని చేస్తోందని అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపాలి. మీ ఊరు అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల ఉంటే తుపాకీని అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి కూడా. రెండెకరాల రైతుకు ఇంత తతంగం గిట్టుతుందా అని అడిగితే, చాలామందికి గిట్టదనే చెప్పాలి. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసి చూడండి. కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. దానికి పంది, పాలేరు తేడా తెలియదు.

అయినా కొంటానంటే బేరంలో ఇది గుర్తుంచుకోండి. మడమ చెక్క పగిలితే మార్చొచ్చు, వదులైన బిగువు సరిచేయించొచ్చు, ఆ ఖర్చు ధరలో కోయించుకోండి. గొట్టం పాడైతే ధర అడగనే వద్దు. కొన్నాక ఎన్నికలొస్తే ఠాణాలో డిపాజిట్ చేయమంటారు. రసీదు అడిగి తీసుకోండి. ఇచ్చేముందు గొట్టం లోపలా బయటా నూనె గుడ్డ పెట్టండి, వానాకాలంలో నెల రోజులు మూల నిలబడితే తుప్పు పట్టిందే తిరిగి మీ చేతికొస్తుంది.