సబ్బు కోసం సమ్మె

గోలేటి క్వార్టర్లలో ఏ ఇల్లాలినైనా అడగండి, బాయి పనికి పోయొచ్చిన మనిషి బట్టలు ఉతకడం అంటే ఏమిటో చెబుతుంది. మొదటి బకెట్ నీళ్లు నల్లగా పోతాయి, రెండోదీ అంతే. బార్ సబ్బు అరుగుతుంది గానీ కాలరు మీది మసి ఓ పట్టాన వదలదు.

ఆ సబ్బే దొరక్కపోతే?

1989 జులైలో సోవియట్ యూనియన్‌లో ఆ పరిస్థితే వచ్చింది. సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గు ప్రాంతంలో, మెజ్దురెచెన్‌స్క్ అనే ఊళ్లో గని కార్మికులు పని ఆపేశారు. వాళ్ల కోరికల్లో మాంసం, చక్కెరతోపాటు ఒళ్లు కడుక్కునే సబ్బు కూడా ఉంది. కొద్దిరోజుల్లోనే సమ్మె ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్ గనులకూ పాకింది.

పేరుకది కార్మిక రాజ్యం. ఇంటి అద్దె నామమాత్రం, వైద్యం ఉచితం, పిల్లల్ని చూసుకునే కేంద్రాలుండేవి. ఇవేమీ చిన్న విషయాలు కావు. ఆడవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసేవారు. కానీ డ్యూటీ దిగి, సంచీ పట్టుకుని క్యూలో నిలబడేదీ వాళ్లే! చేతిలో డబ్బుండేది, కొట్లో సరుకుండేది కాదు. ఏ ఫ్యాక్టరీ ఎంత తయారుచెయ్యాలో మాస్కోలో ప్రణాళిక వేసేవారు. అందులో బొగ్గు, ఉక్కు ముందు. ఇంట్లోకి కావలసినవి ఆ తర్వాత.

సింగరేణికి ఎర్రజెండా కొత్త కాదు, సమ్మెలూ కొత్త కాదు. జీతం రాని నెలలో పొయ్యి వెలిగించే తిప్పలు ఎవరివో మనకు తెలుసు.

1991లో ఆ దేశమే విడిపోయింది. సబ్బు ఒక్కటే కారణమని కాదు. కానీ ప్రణాళిక వేసేచోట బట్టలుతికే మనిషి మాట కూడా విని ఉంటే, సబ్బు సంగతి ముందే తెలిసేది కదా అనిపిస్తుంది.