నారింజ నీలమైతే: సామాను ఎక్స్‌రే యంత్రం కథ

శంషాబాద్ విమానాశ్రయంలో బెల్టు మీద పెట్టిన చేతిసంచి అవతలి తెర మీద రంగుల బొమ్మగా తేలుతుంది. బట్టలు, పుస్తకాలు, పూతరేకుల డబ్బా నారింజ. అల్యూమినియం ఆకుపచ్చ. స్టీలు గిన్నె నీలం. సంచిని పంపాలో ఆపాలో సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది కొన్ని క్షణాల్లో తేల్చుకోవడానికి ఆ రంగులే ఆధారం. కానీ ఎక్స్‌రేకు రంగంటూ లేదు. తెర మీది ప్రతి రంగూ ఎవరో ప్రోగ్రామర్ రాసిన రంగుల పట్టికలోంచి, అంటే పాలెట్‌లోంచి, వచ్చిందే.

రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేలను కనుగొన్నాడు. విమానాల హైజాకింగులు పెరగడంతో 1973 జనవరి నుంచి అమెరికా ప్రయాణికులందరి తనిఖీనీ తప్పనిసరి చేసింది. విమానాశ్రయాల్లో ఎక్స్‌రే యంత్రం స్థిరపడింది అప్పుడే. తొలితరం తెర నలుపు తెలుపు. తుపాకీ ఆకారం పట్టిచ్చేది గానీ, పేలుడు పదార్థం ముద్దకూ సబ్బుకూ తేడా తెలిసేది కాదు. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం సామానులోని బాంబు 329 మందిని బలిగొంది. ఆ ప్రయాణానికి ముందు టొరంటోలో ఎక్స్‌రే యంత్రం మధ్యలో మొరాయిస్తే, మిగిలిన సామానును చేతి పరికరంతో చూసి పంపేశారు. 1988లో లాకర్‌బీ పట్టణం మీద ఎగురుతున్న విమానంలో పేలిన బాంబు రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో ఉంది. వస్తువు ఆకారమే కాదు, అది దేనితో తయారైందో కూడా తెలియాల్సిన అవసరం వచ్చింది.

అందుకు దారి రెండు శక్తుల ఎక్స్‌రే. ఒక డిటెక్టర్ తక్కువ శక్తి కిరణాలను, దాని వెనకది ఎక్కువ శక్తి కిరణాలను కొలుస్తుంది. పరమాణు సంఖ్య 26 ఉన్న ఇనుము తక్కువ శక్తి కిరణాలను గట్టిగా మింగేస్తుంది. కార్బన్, ఆక్సిజన్ వంటి తేలిక మూలకాల్లో ఆ రెండు కొలతల తేడా స్వల్పం. ఆ తేడాను బట్టి పదార్థం రకం తెలుస్తుంది, రకాన్ని బట్టి పాలెట్ రంగు ఇస్తుంది. మందం పెరిగేకొద్దీ ఆ రంగు ముదురుతుంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారేనాటికే ఈ రంగుల తెర మామూలైపోయింది.

సొంతంగా పాలెట్ రాసేవారికి తరచూ ఎదురయ్యే తప్పు ఒకటుంది. నారింజ అంటే ఎరుపు 255, ఆకుపచ్చ 165, నీలం 0. బొమ్మలతో పనిచేసే ఓపెన్‌సీవీ వంటి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు ఇవే అంకెలను తిరగేసి, నీలంతో మొదలుపెట్టి దాచుకుంటాయి. ఈ వరుస చూసుకోకపోతే నారింజ కాస్తా నీలమవుతుంది. సేంద్రియ పదార్థం లోహంలా కనబడుతుంది. ఆకుపచ్చ అంకె మధ్యలో ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ మారదు. నలుపు, తెలుపు అసలే మారవు. అందుకే పైపైన చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

రెండో తప్పు కుదింపులో జరుగుతుంది. 16 బిట్ల డిటెక్టర్ ఇచ్చే 65,536 స్థాయిలను తెర కోసం 256కు సమానంగా కుదిస్తే, మందపాటి వస్తువుల వెనక ఉన్న సన్నని తేడాలన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి. కిరణాల తీవ్రత మందంతో పాటు ఘాతీయంగా తగ్గుతుంది కనుక లాగరిథమ్ తీసి కుదించాలి.

పాలెట్ తప్పును పట్టుకోవడానికి సంచి అక్కర్లేదు. 0 నుంచి 255 దాకా ఒక పట్టీ గీసి పాలెట్ గుండా పంపితే రంగు ఎక్కడ గెంతిందో కంటికే తెలుస్తుంది. తరవాత ప్లాస్టిక్, అల్యూమినియం, స్టీలు ముక్కలున్న పరీక్ష పలకను బెల్టు మీద పంపి, మూడు రంగులూ సరిచూసుకోవాలి.

ఇప్పుడు కంప్యూటర్ కూడా ఈ బొమ్మలను చదువుతోంది. ఒక తయారీదారు ఛాయలతో నేర్చుకున్న మోడల్, మరొకరి ఛాయలు ఎదురైతే తడబడవచ్చు. రంగు వేసింది మనిషి కంటి కోసం. కంప్యూటర్‌కు డిటెక్టర్ల అసలు అంకెలే ఇవ్వడం మేలు. మనిషి చూసే పాలెట్‌కు మాత్రం, అంగట్లో తూకం రాళ్లకు ప్రభుత్వ ముద్ర ఉన్నట్టే, ఒక కట్టుబాటు ఉండాలి. సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ పరీక్ష పలక నెగ్గాకే ఆ యంత్రం ముందుకు ప్రయాణికుల సామాను రావాలి.