నీళ్ళ నడుమ గడ్డ

ఒక్క రోజు సెలవు దొరికితే ఎక్కడికి పోతారు?

కొల్లూరులో ఈ మాట అడిగితే ఒకామె పుట్టింటికి అంటుంది. ఇంకొకామె కంటినిండా నిద్రపోతాను అంటుంది. అదీ మంచి జవాబే. కాని నలుగురు ఆడవాళ్ళు కూడిన చోట తప్పకుండా వినబడే పేరు ఒకటుంది. అది ఏడుపాయలు.

ఏడుపాయలు మెదక్ జిల్లాలో ఉంది. పాపన్నపేట మండలం, నాగసాన్‌పల్లి దగ్గర. అక్కడ మంజీరా నది ఏడు పాయలుగా చీలుతుంది. పాయ అంటే మీకు తెలియనిది కాదు. జడకు మూడు పాయలు. ఈ నదికి ఏడు పాయలు. చీలిన పాయలు కిందికి పోయి మళ్ళీ కలుస్తాయి. ఆ పాయల నడుమ బండలున్నాయి, చెట్లున్నాయి. వనదుర్గ భవాని గుడి ఉంది.

చుట్టూ నీళ్ళు, నడుమ నేల. ఇట్లాంటి చోటును పుస్తకాలలో ద్వీపం అని రాస్తారు. గోదావరి జిల్లాల వాళ్ళు లంక అంటారు. మన దిక్కు గడ్డ అంటారు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ అంటాం కదా! ఉబ్బెత్తుగా లేచి కనబడేదల్లా మనకు గడ్డే.

ఆ గడ్డ చాలా చిన్నది. మరి అదంటే ఎందుకంత ఇష్టం?

అమ్మవారు ఉంది కాబట్టి అనవచ్చు. నిజమే. మొక్కు చెల్లించాలి, బోనం ఎత్తాలి. కాని అమ్మవార్లు మన ఊళ్ళోనూ ఉన్నారు. పోచమ్మ ఉంది. మైసమ్మ ఉంది. ఎల్లమ్మ ఉంది. వాళ్ళ దగ్గరికి పోయి వస్తే మొక్కు తీరుతుంది. ఏడుపాయలకు పోయి వస్తే మొక్కూ తీరుతుంది, మనసూ తేలికవుతుంది. ఆ తేలిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక అత్తాకోడళ్ళ మాట వినండి.

"అత్తమ్మా, గుడి మన వాడలో లేదా? అంత దూరం ఎందుకు?" అంది కోడలు.

"వాడలో గుడికి పోతే పది నిమిషాలకు మీ మామ పిలుస్తడు. పాయ దాటినంక ఎవరు పిలుస్తరే?" అంది అత్త.

అత్త ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆడవాళ్ళ పని గడప దాటినా వెంట వస్తుంది. చెల్కకు పోతే వెంట వస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలలో షిఫ్టు చేసి వస్తే, ఇంటి దగ్గర గిన్నెలు ఎదురు చూస్తుంటాయి. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తలుపులు తెరిచారు. బస్తీల నుంచి ఎందరో అక్కడికి వచ్చారు. ఇల్లు దొరికింది. పక్కా ఇల్లు. అది పెద్ద సంగతే. కాని కిటికీ తీస్తే ఎదుటి కిటికీ. దిగితే రోడ్డు. ఆ పక్కన ఔటర్ రింగు రోడ్డు మీద లారీల మోత. అట్లాంటి చోటు నుంచి పోయి, చుట్టూ నీళ్ళున్న బండ మీద కూచుంటే, నీళ్ళకు అవతల ఇల్లు ఆగిపోయినట్టు ఉంటుంది. నీళ్ళు ఒక గీత గీస్తాయి. పని ఆ గీత దాటి రాదు.

చిన్నది కావడం కూడా మేలే. పెద్ద పట్నం పోతే ఏది చూశాం, ఏది చూడలేదు అని గుబులు. గడ్డ అట్లా కాదు. ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాం. అంతా చూశాం అనిపిస్తుంది. ఇంత మాత్రం నేల ఇవాళ నాది అనిపిస్తుంది. పట్టా మీద మన పేరు ఉండదు లెండి.

ఇంకొకటి చల్లదనం. ఎండాకాలం కూడా నీటి ఒడ్డున గాలి చల్లగా తగులుతుంది. ఎందుకు? నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని గాలి నుంచి లాక్కుంటుంది. అందుకే గాలి చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇట్లాగే. కుండకు కంటికి కనబడని సన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి చెమ్మ బయటికి వచ్చి ఆవిరవుతుంది. గడ్డకు అన్ని దిక్కులా నీళ్ళే. గాలి ఎటు నుంచి వీచినా నీటి మీదుగానే రావాలి.

ఈ ఇష్టం మనుషులకే కాదు, పక్షులకూ ఉంది.

అదే మంజీరా మీద, ఏడుపాయలకు ఎగువన, సంగారెడ్డి పక్కన కల్పగూరు దగ్గర బ్యారేజి ఉంది. ఇక్కడి నుంచి హైదరాబాదుకు తాగే నీళ్ళు పోతాయి. సింగూరు ఆనకట్ట నుంచి ఈ బ్యారేజి దాకా ఉన్న నదిని 1978లో అభయారణ్యం చేశారు. అంటే అక్కడ పక్షిని గాని జంతువును గాని వేటాడకూడదు. ఆ నీళ్ళలో తొమ్మిది చిన్న గడ్డలున్నాయి. పుట్టిగడ్డ, కరణంగడ్డ, బాపనగడ్డ అని పేర్లు. చూశారా! నీళ్ళ నడుమ కూడా కరణం, బాపనాయన ముందే జాగా పట్టుకున్నారు.

ఆ గడ్డల మీద తుమ్మచెట్లు, తుంగ, రెల్లు ఉంటాయి. కొంగలు, నీటికాకులు, తెడ్డులాంటి ముక్కున్న పక్షులు అక్కడ గూళ్ళు కడతాయి. చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి బాతులు వస్తాయి. ఒడ్డున ఇన్ని చెట్లుండగా గడ్డ మీది చెట్టే ఎందుకు? ఒడ్డు చెట్టు కిందికి నక్క వస్తుంది. కుక్క వస్తుంది. పిల్లి చెట్టెక్కి గూట్లో పిల్లలను ఎత్తుకుపోతుంది. గడ్డకు రావాలంటే ఇవన్నీ ఈదాలి. పైగా మంజీరాలో మొసళ్ళున్నాయి. మొసలి పక్షికి చుట్టమేమీ కాదు. కొమ్మ మీంచి జారి నీళ్ళలో పడ్డ పిల్లను అదీ మింగుతుంది. కాని చెట్టెక్కలేదు. నక్కను మాత్రం దరి రానివ్వదు. కావలివాడు కూలి కింద అప్పుడొక పిల్లను, ఇప్పుడొక పిల్లను తీసుకుంటాడన్నమాట.

ఈ గడ్డలను మనం ఒడ్డున నిలబడే చూడాలి. దగ్గరికి పోతే తల్లిపక్షి బెదిరి లేస్తుంది. గుడ్లు ఎండకు మాడతాయి. లేదా కాకి ఎత్తుకుపోతుంది.

అంత బందోబస్తు కూడా నీళ్ళున్నంత సేపే. 2016 ఎండాకాలంలో సింగూరు, మంజీరా రెండూ అడుగంటాయి. నీళ్ళు పోతే గడ్డ ఒడ్డుతో కలిసిపోతుంది. కుక్కలు నడిచి పోతాయి. అప్పుడది గడ్డ కాదు, ఉత్త దిబ్బ.

మళ్ళీ ఏడుపాయలకు వద్దాం. నది ఏడుగా ఎందుకు చీలింది?

దీనికి పెద్దలు చెప్పే కథ ఒకటుంది. పరీక్షిత్తు మహారాజు పాము కరిచి చనిపోయాడు. ఆయన కొడుకు జనమేజయుడికి పాముల మీద పగ పుట్టింది. ఇక్కడ సర్పయాగం చేశాడు. పాములెన్నో మంటలో కాలిపోయాయి. వాటికి మోక్షం కలగాలని గరుత్మంతుడు పాతాళం నుంచి గంగను తెచ్చాడు. ఆ గంగ ఏడు పాయలై పారింది. పాయలకు ఏడుగురు ఋషుల పేర్లు పెట్టారు. జమదగ్ని, అత్రి, కశ్యపుడు, విశ్వామిత్రుడు, వసిష్ఠుడు, భరద్వాజుడు, గౌతముడు.

కథ అట్లా ఉంది. కంటికి కనబడే కారణం బండలు. మంజీరా మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టింది. కర్ణాటకలో బీదర్ దిక్కు నుంచి మన దగ్గరికి వస్తుంది. మొత్తం పొడవు 724 కిలోమీటర్లు. దారిలో గట్టి రాయి అడ్డం వస్తే నీరు దానితో కొట్లాడుతూ కూచోదు. పక్కకు తిరుగుతుంది. ఇంకో రాయి వస్తే ఇంకో పక్కకు. అట్లా దారులు ఎక్కువవుతాయి. గోదావరి లంకలు ఎక్కువగా ఇసుక, ఒండ్రు. వరద వస్తే కోసుకుపోతాయి. ఏడుపాయల గడ్డ రాతిది. వరద పైనుంచి పోయినా గడ్డ ఉన్నచోటే ఉంటుంది.

కాని దాని మీద ఉన్న మనుషులు ఉండలేరు.

ఏడుపాయలకు కొంచెం ఎగువన ఘనపూర్ ఆనకట్ట ఉంది. నిజాం కాలంలో, 1905లో కట్టారు. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు పోతాయి. వేల ఎకరాల వరికి నీళ్ళిస్తాయి. ఇంకా పైన సింగూరు ఉంది. సింగూరు గేట్లెత్తితే నీళ్ళు ఘనపూర్‌కు వస్తాయి. ఘనపూర్ నిండి పొర్లితే గుడి ముందరి పాయ పొంగుతుంది. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఏడుపాయల మీద ఒక్క చినుకు పడకపోవచ్చు. ఎండ కాస్తుండవచ్చు. అయినా ఎక్కడో బీదర్‌లో పడ్డ వాన ఇక్కడ నీళ్ళు పెంచుతుంది. ఇందాక మోకాలి లోతున్న చోట ఇప్పుడు నడుము లోతు అవుతుంది. బండల మీద పాచి ఉంటుంది. బండల సందుల్లో మడుగులుంటాయి. స్నానానికి దిగి మునిగిపోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. అందులో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు.

"ఇక్కడ లోతు ఎక్కువ" అని బోర్డు కనబడితే ఆగి చదవండి. చదువు రానివాళ్ళు పక్కన ఉంటే వినబడేట్టు చదవండి. పిల్లల చెయ్యి వదలకండి.

నీళ్ళ గురించి ఇంకొక మాట. ఇది మన పటాన్‌చెరు దిక్కు మాట. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల మురికి ఏళ్ళ తరబడి నక్కవాగులో కలిసింది. వాగు ఒడ్డు ఊళ్ళలో బావులు చెడ్డాయి, పొలాలు చెడ్డాయి. 1990లో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తర్వాత మురికిని శుద్ధి చేసి, గొట్టం వేసి హైదరాబాదులో అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. ఆ నక్కవాగు ఎక్కడ కలుస్తుంది? మంజీరాలో. కల్పగూరు బ్యారేజికి దిగువన, ఏడుపాయలకు ఎగువన. పట్నానికి పోయే తాగునీళ్ళను వాగు కలవకముందే తీసుకుంటారు. ఏడుపాయల్లో మనం మునిగేది వాగు కలిసిన తర్వాతి నీళ్ళలో. మన ఇంటి పక్క కంపెనీ రాత్రిపూట వాగులోకి ఏమి వదిలిందో, ఆ సంగతి మన తలస్నానం దాకా వస్తుందన్నమాట.

పోవడం ఇప్పుడు తేలికే. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి, అక్కడి నుంచి జోగిపేట మీదుగా మెదక్ పోయే దారి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు పైసలు లేవు. ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుంటే చాలు. శివరాత్రికి మూడు రోజుల జాతర. మొదటి రోజు శివరాత్రి, రెండో రోజు బండ్లు తిరుగుతాయి, మూడో రోజు రథం. అప్పుడు లక్షల మంది వస్తారు. స్నానాలకు నీళ్ళు చాలకపోతే సింగూరు నుంచి వదులుతారు. ఊపిరి పీల్చుకోవాలని పోయేవాళ్ళు జాతరలో పోవద్దు. సంక్రాంతి దాటినంక, మామూలు రోజున పోతే నీళ్ళ చప్పుడు వినబడుతుంది.

వానాకాలంలో పోదలచుకుంటే, బయలుదేరేముందు సింగూరు గేట్లెత్తారా అని కనుక్కోండి. 2025 ఆగస్టులో మెదక్ జిల్లాలో పెద్ద వానలు పడ్డాయి. గుడి నీళ్ళలో మునిగింది. ఇట్లా చాలా ఏళ్ళు జరిగింది. అప్పుడు గుడి మూస్తారు. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గరికి తెచ్చి అక్కడే పూజ చేస్తారు. జనం అక్కడే మొక్కి, దూరం నుంచి గుడిని చూసి పోతారు. నీళ్ళు తగ్గినాక బురద ఎత్తి, గుడి కడిగి, మళ్ళీ తలుపు తీస్తారు.