ఉంచుకోవచ్చు, కొనకూడదు: వాషింగ్టన్ గంజాయి చట్టంలో ఇల్లు లేనివారి వాటా

ఇంట్లో పెంచుకోవచ్చు, దగ్గర ఉంచుకోవచ్చు, డబ్బు తీసుకోకుండా ఇంకొకరికి ఇవ్వొచ్చు. అమ్మితే మాత్రం నేరం. అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలో గంజాయి చట్టం పదేళ్లకు పైగా ఇలాగే ఉంది. మరి అది మనిషి చేతికి ఎలా రావాలి? జవాబు ఆ మనిషి ఉండే ఇంటిని బట్టి మారుతోందన్నది మా పరిశీలన.

2014 నవంబర్‌లో డీసీ ఓటర్లు ఇనిషియేటివ్ 71ను గెలిపించారు. దాని వెనుక బలంగా నిలిచింది జాతి వివక్ష ప్రశ్నే. గంజాయి దగ్గర ఉందన్న కారణంతో డీసీలో నల్లవారిని అరెస్టు చేసే రేటు తెల్లవారితో పోలిస్తే ఎనిమిది రెట్లు ఉందని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013లో వెల్లడించింది.

2015 ఫిబ్రవరిలో చట్టం అమల్లోకి వచ్చింది. 21 ఏళ్లు నిండినవారు రెండు ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు ఉంచుకోవచ్చు. ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. ఒక ఔన్సు వరకు ఊరికే ఇవ్వొచ్చు. అమ్మకాలకు నియమాలు రాయడానికి మాత్రం నగరానికి వీల్లేకుండా పోయింది. డీసీ రాష్ట్రం కాదు, దాని బడ్జెట్‌పై పెత్తనం కాంగ్రెస్‌ది. మేరీలాండ్ సభ్యుడు ఆండీ హారిస్ ముందుండి పెట్టించిన బడ్జెట్ షరతు ఆ దారి మూసేసింది.

ఈ సందులోంచే 'కానుక' దుకాణాలు పుట్టాయి. స్టిక్కరో టీషర్టో కొంటే గంజాయి కానుకగా వస్తుంది. ఇది అమ్మకమేనంటూ పోలీసులు కొన్నిటిపై దాడులు చేశారు. 2022లో నగరం ఇంకో దారి తెరిచింది: 21 దాటినవారు డాక్టరు చీటీ లేకుండానే తమను తాము రోగిగా నమోదు చేసుకుని, లైసెన్సున్న వైద్య దుకాణంలో కొనవచ్చు.

కొన్నాక ఎక్కడ వాడాలి? బహిరంగ స్థలంలో వాడటం నేరం. సొంత ఇల్లున్నవారికి చిక్కు లేదు. ఫెడరల్ డబ్బుతో నడిచే ప్రభుత్వ గృహాల్లో ఉండేవారు అత్యధికులు నల్లవారు. అక్కడ ఫెడరల్ నిషేధమే వర్తిస్తుంది, ఇల్లు ఖాళీ చేయించవచ్చు. దీన్ని మార్చాలని డీసీ ప్రతినిధి ఎలినార్ హోమ్స్ నార్టన్ 2018లో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. సభలో బిల్లులపై తుది ఓటు వేసే హక్కు కూడా డీసీ ప్రతినిధికి లేదు.

అక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులకూ ఈ చిక్కు ఉంది. వలస చట్టం ఫెడరల్ చట్టం. నగరం అనుమతించిన పనే వీసాకు ఎసరు పెట్టవచ్చు. వాడానని అధికారి ముందు ఒప్పుకోవడం కూడా ప్రమాదమే.

చేతిలో పట్టా ఉండి పొలంలో కాలు పెట్టలేని పరిస్థితి మన పల్లెలకు కొత్త కాదు. అరెస్టుల భారం మోసినవారి పేరు చెప్పి తెచ్చిన చట్టం వారి గడప దగ్గరే ఆగిపోయింది. ఏ సంస్కరణ వచ్చినా మనం ముందు అడగాల్సింది ఒకటే: అద్దె ఇంట్లో, ప్రభుత్వ ఇంట్లో ఉండేవారికి ఈ హక్కు అందుతుందా?